గడి ముందు ఇటలీ లూట్

కరీంనగర్, ఆదిలాబాద్ రెండు జిల్లాల్లోనూ పాత ఇటలీ సంగీతం వాయించేవాళ్లలో మొదటివాణ్ని నేనే. ఆఖరివాణ్నీ నేనే. ఇంకొక్కడు ఉన్నా మొదటి స్థానం వాడు కొట్టేసేవాడు, నాకు ఆఖరిది ఒక్కటే మిగిలేది. దేవుడు దయగలవాడు, రెండోవాణ్ని పుట్టించలేదు.

నాలుగో తరగతిలో బడి మానేసినవాడికి నాలుగు వందల ఏళ్ల కిందటి ఇటలీ పాటలతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా బాపు ఈ ప్రశ్న రోజూ అడిగేవాడు, కాబట్టి జవాబు నాకు అలవాటే. మాది నేతపని. బడి ఉర్దూలో నడిచేది, బెత్తం మాత్రం అచ్చ తెలుగులో తగిలేది. రెండూ వంటబట్టక బయటికొచ్చి మగ్గం గుంటలో కాళ్లు పెట్టాను. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు చలిజ్వరం వచ్చి, ఆ కాళ్లు వణికి, గుంటలోంచి పైకి లేచాయి. మళ్లీ దించబుద్ధి కాలేదు.

చొప్పదండి అవతల ఇటలీ ఫాదర్ ఒకాయన చిన్న దవాఖానా నడిపేవాడు. కుయినైన్ ఉచితం. మింగాక కక్కేస్తారేమోనని కాసేపు వరండాలో కూర్చోబెట్టేవారు. ఆ కూర్చోవడంలోనే నా బతుకు పాడైంది.

వరండా చివర ఫాదర్ ఒళ్లో ఒక వింత వస్తువు పెట్టుకుని గిల్లుతుండేవాడు. గుమ్మడికాయను సగానికి కోసి, చెక్క మూత వేసి, దానికొక మెడ తగిలించి, ఆ మెడను కొసకు వెనక్కి విరిచినట్టుండేది. పాపం ఎక్కడో కింద పడిందనుకున్నాను. చేసేవాళ్లే అట్లా విరిచి చేస్తారని తర్వాత తెలిసింది. శబ్దం సంగతి చెప్పాలంటే, పక్కన ఈగ వాలితే ఈగదే పైచేయి. కానీ నాకు జ్వరం. తల లోపల డప్పులు మోగుతున్నవాడికి ఆ గిల్లుడు చెవిలో నీళ్ల చుక్క పడ్డట్టుండేది. జ్వరం పోయాక కూడా నేను జ్వరం ఉన్నట్టే నటించి వరండాకు పోతుండేవాణ్ని. నా నటన కంటే నా నాడి నిజం చెప్పేది గానీ, ఫాదర్ నన్ను తరిమేవాడు కాదు. వినేవాడు దొరకడం ఆయనకూ కొత్త.

ఆయన మాట్లాడే తెలుగు సముద్రం ఒడ్డున ఎవరో పంతులు దగ్గర నేర్చుకున్నది. "నాయనా, నీ వ్రేళ్లు మిక్కిలి బుద్ధిగలవి" అన్నాడు ఒకరోజు. మాలో తెగిన పోగును అతకడం తల్లిపాలతో వస్తుంది, ఆ బుద్ధే నా వేళ్లది. తలకు బుద్ధి ఉందని ఆయన ఎన్నడూ అనలేదు. తన గుడికి వచ్చేవాళ్లలో ఎవరికైనా నేర్పాలని ఆయన మొదట్లో చాలా తిరిగాడట. వాళ్లు డోలక్ కావాలన్నారు, హార్మోనియం కావాలన్నారు, ఏమీ లేకపోతే చప్పట్లు కొడతామన్నారు. చివరికి ఆయనకు దక్కింది దేవుణ్ని మార్చుకునే ఉద్దేశం లేని నేతపిల్లగాడు. అట్లా ఆయన బోధల్లో ఒక్కటి మాత్రమే నాకెక్కింది, అది దేవుడి గురించి కాదు.

ఆయన నేర్పినవన్నీ వాళ్ల దేశపు పాత దొరలు కడుపునిండా తిన్నాక చిందులేస్తూ ఆడిన ఆటల పాటలు. అవి కాక రిచెర్కారే అని ఒక రకం. పాట కాదు, ఆట కాదు. ఆ మాటకు అర్థం వెతకడమట. ఇంట్లో కూర్చుని సాధన చేస్తుంటే బాపు ఏం వాయిస్తున్నవురా అని అడిగాడు.

"వెతుకుడంటరు బాపూ దీన్ని. వాయించేటోడు రాగం కోసం వెతుకుతడు."

బాపు మగ్గం మీద నాడె ఆపకుండానే, "దొరికినంక పిలువు" అన్నాడు.

అవ్వ, అంటే మా అమ్మ, నూలు కండెలు చుడుతూ ఆ పూటంతా నవ్వింది.

రెండేళ్లకు ఫాదర్ వేళ్లు కీళ్లనొప్పులతో బిగుసుకుపోయి, ఆ వాద్యం నా చేతికొచ్చింది. దానికి తీగలు లోహానివి కావు, గొర్రె పేగువి. తెగితే ఇటలీ నుంచి రావాలి. ఇటలీ మా ఊరికి బస్సు వేయలేదు. మా వాడలో దూదేకుల సాయెబు ఒకాయన ఉండేవాడు. దూది ఏకే విల్లుకు ఆయన కట్టేది కూడా పేగు నరమే. పాత నరాలు బతిమాలి తెచ్చి లావు తీగలు చేసుకున్నాను. సన్న తీగలకు పట్టుపోగులు మెలిపెట్టి మైనం రుద్దాను. ఆ తర్వాత నా ఇటలీ సంగీతంలో సగం పరుపులు కుట్టేవాడి ఇంటి నుంచి, సగం చీరలు నేసేవాడి ఇంటి నుంచి వచ్చేది. సాయెబు ఒకసారి విని, నరం మంచిదే, దూది ఏది అని అడిగాడు.

ఇక పేరు సంగతి. ఫాదర్ దాన్ని లియూతో అనేవాడు. ఆ పేరే ఉంచి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది. దవాఖానా కాంపౌండర్ ఇంగ్లీషు వచ్చినవాడు, దాన్ని ఇంగ్లీషులో లూట్ అంటారని చెప్పాడు. లియూతో అంటే పిల్లి పేరులా ఉంది, ఇంగ్లీషు పేరైతే మర్యాద ఉంటుందని నేను లూట్ ఖాయం చేసుకున్నాను. రజాకార్ల కాలం దాటి నిండా ఐదేళ్లు కాలేదు. మా దిక్కున పసిపిల్లలకు కూడా లూట్ అంటే దోపిడీ అని తెలుసు. తెలియనిది నాకొక్కడికే. తెలియక కాదు, ఇంగ్లీషు మాటకు ఉర్దూ అర్థం అంటుకోదనుకున్నాను. బడి మధ్యలో మానేస్తే వచ్చే తెలివి ఇట్లాగే ఉంటుంది.

కొలువు వెతకడం మొదలుపెట్టాను. చొప్పదండి భజన మండలివాళ్లు ఒక శనివారం కూర్చోబెట్టుకున్నారు. హార్మోనియం ముందు నాది ఉందో లేదో నాకే తెలియలేదు. చిరుతల రామాయణం ఆడేవాళ్లు ఆనందంగా తీసుకున్నారు. నారదుడి చేతిలోని వీణ విరిగిందట, నాది ఆయన భుజానికి తగిలించారు. షరతు ఒక్కటే, వాయించకూడదు. సుల్తానాబాద్‌లో వడ్ల వ్యాపారి ఒకాయన కొత్త కొట్టు తెరుస్తూ శుభమని పిలిచాడు. బస్తాల నడుమ కూర్చుని రెండు ఆటల పాటలూ ఒక వెతుకుడూ మనసుపెట్టి వాయించి నమస్కారం చేశాను. ఆయన కూడా నమస్కారం చేసి, "ఇగ మొదలుపెట్టు" అన్నాడు.

ఇంట్లో రెండు మగ్గాలు. నాది ఖాళీగా ఉండి సాలెపురుగు గూడు కట్టింది. బాపు దాన్ని చూపించి, అది నీకంటే మంచిగ నేస్తుంది అనేవాడు. ఆ ఏడు ఎండాకాలం ముందు మాత్రం నవ్వకుండా చెప్పాడు. తన మోకాళ్లు తొక్కుడు చెక్క మీద నిలవడం లేదు. ఈ పెండ్లిళ్ల కాలం దాటేలోపు నా వాద్యానికి ఎవడన్నా నిలకడైన కొలువు ఇవ్వాలి. లేదంటే అది అటక మీదికి, నేను గుంటలోకి. నేనూ ఒప్పుకున్నాను. జోకులు వేసే ఇద్దరం జోకు లేకుండా మాట్లాడుకున్నామంటే మాట ఎంత గట్టిదో అర్థం చేసుకోండి.

అట్లాంటప్పుడు దిగాడు మున్షీ. ఆసిఫాబాద్ అవతలి ఒక దొర కోటలాంటి గడిలో లెక్కలు రాసేవాడు, మాటలో సగం మరాఠీ. దొర బిడ్డ పెండ్లికి వాద్యగాళ్లను కుదర్చడానికి కరీంనగర్ వచ్చాడు. పక్క దొర తన ఇంటి పెండ్లికి మరాఠీ దిక్కు చాందా నుంచి ఇంగ్లీషు బ్యాండు తెప్పించాడట. దాన్ని మించింది ఏదైనా కావాలి. ఇటలీ సంగీతం అనగానే మున్షీ కండ్లు మెరిశాయి. వినిపించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇనుడెందుకు. ఇటలీ గదా? బరోబర్. మా దొరకు నచ్చితే గడిలనే ఉంచుకుంటడు" అన్నాడు. నా సంగీతాన్ని వినకుండా మెచ్చుకున్న పెద్దమనిషి ఆయనొక్కడే. విన్నాక మెచ్చుకున్నవాళ్ల లెక్క అడగొద్దు.

పెద్దపల్లిలో రైలెక్కి ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్‌లో దిగాను. సన్నాయి మేళం నాతోనే వచ్చింది, వాళ్ల పెద్దాయన్ను నేను మామా అని పిలిచేవాణ్ని. మేళం టీ దగ్గర ఆగింది. బండి దొరకడం ఆలస్యమయ్యేట్టుంది. పెండ్లికి గాజులు అమ్మబోతున్న ఒకాయన తన తట్టు గుర్రంతో ముందుగా కదులుతుంటే, గొప్పగా ఒక మాట చెప్పి పంపాను. గడిలో చెప్పు, ఇటలీ లూట్ వస్తున్నది, జాగా చూసి పెట్టమను అన్నాను. నేను తువాలు పరిచి ఉంచుతారనుకున్నాను.

ఆయన నిజాయితీపరుడు. ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాడు.

మేళాన్ని వెనక బండికి వదిలి నేను ముందే బయల్దేరాను. నా బండి ఊరి మొదట్లోకి వచ్చేసరికి పట్టపగలు. గడి పెద్ద తలుపులు మూసి, అడ్డగడియ వేసి, లోపల బండలు పేర్చినట్టు చప్పుడు. పచ్చటి పందిట్లో పురుగు లేదు. పందిరి ఈవల మాత్రం ఊరు ఊరంతా ఉంది. నాకోసం అంతమంది ఎన్నడూ ఎదురుచూసి ఎరగరు. సంతోషంతో బండి దిగాను. దగ్గరికి పోయాక చూశాను, ఒకడి చేతిలో ఖాళీ గోనెసంచి, ఒకడి భుజాన కావడి, ఒక ముసలామె చేతిలో చాట. లూట్ వస్తుందంటే తలుపులు మూసుకోవడానికి వాళ్లకు తలుపుల వెనక ఏముంది? వచ్చేవాళ్లతో కలుద్దామని సంచులతో వచ్చారు.

ముసలామె నన్నూ బండినీ అటూ ఇటూ చూసింది.

"ఒక్కనివే వచ్చినవా బిడ్డా? తక్కినోళ్లేరి?"

"నేనొక్కన్నే అవ్వా."

"ఒక్కనితోని గింత పెద్ద గడి ఎట్లయితది" అని ఆమె చాట నేల మీద పెట్టి కూలబడింది. ఆమె ముఖంలోని నిరాశ నేను మళ్లీ ఏ శ్రోత ముఖంలోనూ చూడలేదు. అంటే అంత నిజాయితీ ఉన్న నిరాశ చూడలేదు.

గడి మీది అంతస్తు కిటికీ కాస్త తెరుచుకుంది. దొర గొంతు. మీసాలు బయటికి రాలేదు.

"ఎవర్రా అది?"

"లూట్, దొరా."

"ఎంతమంది?"

"ఒక్కన్నే దొరా."

"తుపాకులెన్ని?"

"తుపాకుల్లేవు దొరా. తీగలున్నయి."

కిటికీ మూసుకుంది. గోనెగుడ్డలోంచి నా వాద్యం విరిగిన మెడ బయటికి పొడుచుకొచ్చి, తుపాకి మడమలా ఉంది. పక్కనున్న కావడివాడు మెల్లగా చెప్పాడు, తీగలంటే మందుపాతరకు కట్టేవనుకున్నరు అని.

నిజం చెప్పాలి, దొర అంత భయపడటంలో నాకు మొదట తప్పు కనిపించలేదు. అల్లర్లలో ఆయన పట్నం పారిపోయి, అంతా సద్దుమణిగాక తిరిగొచ్చాడు. కానీ అంతకు ముందు ఏళ్ల తరబడి ఆయన మనుషులు చుట్టుపక్కల వడ్ల గరిసెలు ఊడ్చుకుపోయినప్పుడు దాని పేరు లెవీ. కోళ్లు పట్టుకుపోతే దాని పేరు మామూలు. మనుషులనే పట్టుకుపోతే దాని పేరు వెట్టి. పేర్ల విషయంలో దొరలు బహు జాగ్రత్తపరులు. ఆ పొద్దు వాళ్ల తలుపు దగ్గరికి వచ్చింది మాత్రమే లూట్.

ఇక మిగిలింది ఒక్కటే దారి. వాయిస్తే వాద్యమని తెలిసిపోతుంది. అరుగు మీద కూర్చుని, శ్రుతి చేసి, ఫాదర్ నేర్పిన వాటిలో అన్నిటికంటే హుషారైన ఆటను ఎత్తుకున్నాను. నా ముందున్న ముసలామెకే అది వినబడలేదు. మూసిన తలుపులు దాటి, పేర్చిన బండలు దాటి, పై అంతస్తుకు ఎట్లా పోతుంది? వినబడాలంటే తలుపు తీయాలి. తలుపు తీయాలంటే వినబడాలి. తలుపు సందులోంచి గడి జవాను చెప్పడం మాకు వినబడింది.

"సొరబుర్ర అసొంటిది ముంగటేసుకొని కూసుండు దొరా. ఏందో గుంజుతుండు, తిప్పుతుండు. సప్పుడైతే రాలే."

చప్పుడు రాకపోవడం వాళ్లను ఇంకా భయపెట్టింది.

అట్లా ఆ పూట నేను మూసిన తలుపుకు పాత ఇటలీ సంగీతం వినిపిస్తూ కూర్చున్నాను. బాపు పెట్టిన గడువు, ఖాళీ మగ్గం, సాలెపురుగు వరసగా కళ్లముందుకు వచ్చాయి. ముహూర్తం పోతే పెండ్లి నా నెత్తిన పడుతుంది. కొలువు మాట దేవుడెరుగు, కాళ్లు విరగ్గొట్టకుంటే చాలు. విరగ్గొడితే మగ్గం తొక్కడానికీ పనికిరాను. ఆ ఆలోచన ఒక్కటే కాస్త ఊరట.

పొద్దు వాలుతుండగా చాందా నుంచి పెండ్లి బట్టలతో మున్షీ బండి, దాని వెనకే మేళం బండి వచ్చాయి. విషయం విని ఆయన నెత్తి కొట్టుకుని, తలుపు ముందు నిలబడి, మనోడే దొరా, నేనే పిలిచిన, అది వాయించేది అని మొత్తుకున్నాడు. బండలు తీయడానికి పేర్చినంత సేపు పట్టింది. తలుపు తెరుచుకున్నాక బయటపడింది అసలు పరేషాని. నగలన్నీ, పుస్తెలతో సహా, పెంటకుప్పలో పాతిపెట్టారు. ఏ కుప్పలో అన్నది పాతినవాడు హడావిడిలో మరిచాడు. ఊరి జనం సంచులు పక్కన పడేసి, సాయం చేస్తామని వచ్చి, చుట్టూ నిలబడి, దొర బావమరుదులు పట్టుపంచెలతో పెంట తవ్వుతుంటే చూశారు. ఎవరూ చెయ్యి వేయలేదు. చెయ్యి వేస్తే లూట్ అంటారని భయమట. పుస్తెలు దొరికేసరికి ముహూర్తం దాటింది. పంతులు పంచాంగం తిరగేసి, దాటిన ముహూర్తం కంటే ఇప్పుడున్నదే మంచిదని తేల్చాడు.

దొర నన్ను చూసిన చూపులో నా కాళ్లు లెక్కపెట్టినట్టుంది. కానీ ఒకడు వాయిస్తే భయపడి నగలు పెంటలో పాతుకున్నానని ఊళ్లకు ఊళ్లు చెప్పుకుంటాయి గనుక, నన్ను కొట్టడం కంటే కూర్చోబెట్టడమే పరువు అనుకున్నాడు. పందిరి చివర ముసలివాళ్ల మధ్య జాగా ఇచ్చారు. వెనక మామ సన్నాయి, డోలు. నేను వాయించానని సాక్ష్యం చెప్పగలవాళ్లు ఇద్దరే, ఒకరు నేను, ఒకరు నా పక్కన కూర్చున్న దొర తల్లి.

ఆ పెద్ద దొరసానికి అల్లర్ల నాటి నుంచి కంటిమీద కునుకు లేదట. రాత్రీ పగలూ తలుపు వైపే చూస్తూ ఉండేదట. ఆ పొద్దు తలుపులు మూసినప్పటి నుంచి మరీ బిగుసుకుపోయింది. నా వాద్యం బుర్ర ఆమె చెవికి జానెడు దూరంలో ఉంది. నేను వెతుకుడు మొదలుపెట్టాను. అది ఎక్కడికీ పోదు, అక్కడక్కడే తిరుగుతుంది. కొంతసేపటికి నా భుజానికి ఏదో బరువు తగిలింది. చూస్తే ఆమె తల. తాళి కట్టారు, డోళ్లు పగిలేట్టు కొట్టారు, తలంబ్రాలు నెత్తిన పడ్డాయి, ఆమె లేవలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు. గురక వచ్చింది.

మరునాడు ఫలారాల దగ్గర నేను నా గొప్ప చెప్పుకుంటున్నాను. నా వాద్యం పేరు వింటేనే గడి తలుపులు మూతబడ్డాయని. సన్నాయి మామ వేలు నాకుతూ విన్నాడు.

"పేరిన్నరు గనుక తలుపులు మూసిండ్రు అల్లుడూ. వాయించుడు గిన ఇంటే, తలుపులు తీసిపెట్టి వాళ్లే ఊరిడిచి పోదురు."

నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను, ఎందుకంటే అప్పటికే దొర నన్ను పిలిపించి మాట చెప్పాడు. గడిలోనే ఉండు, తిండి, బట్ట, ఏటా పండిన వడ్లలో భాగం. పని ఒక్కటే. అమ్మకు పగటి అన్నమైనంక పక్కన కూర్చుని వాయించాలి. పెండ్లిళ్లలో మాత్రం వాయించకూడదు, ఇంటి ముందు ఆ పేరు ఎత్తకూడదు. అట్లా ఆదిలాబాద్ జిల్లాలో పాత ఇటలీ సంగీతానికి మొదటి కొలువు ఏర్పడింది. ఆ పెద్దామె పోయేదాకా అదే నా కొలువు. ఆమె ఒక్క పాట కూడా చివరిదాకా వినలేదు. ఒక్క పాటను కూడా తప్పు పట్టలేదు.

ఆ కొలువులో చేరేముందు, గడువులోపలే కొలువు దొరికిందని చెప్పడానికి ఇంటికి పోయాను. నడకలోనే కొంత రాజసం వచ్చింది. బాపు గుంటలో ఉన్నాడు. కూర్చోకుండానే అంతా చెప్పాను. గడి, తిండి, బట్ట, వడ్లు. అవ్వ కండెలు పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది. బాపు పోగు ఒకటి తెగితే అతుక్కుంటూ, పనేంది అని అడిగాడు. పెద్ద దొరసాని పక్కన కూర్చుని వాయించడం అన్నాను. ఇంటదా అని అడిగాడు. వినదు బాపూ, మంచిగ నిద్రపోతది, అదే పని అన్నాను.

బాపు అతికిన పోగును వేలితో ఒకసారి లాగి చూసుకుని, నాడె అందుకున్నాడు.

"నిద్ర పుచ్చుడేనా? మనం నేసిన దుప్పటి గూడ గా పనే జేస్తది బిడ్డా. దానికి రెండు పూటల బువ్వ పెట్టనక్కెర లేదు."